చుక్కాని మాట పడవ వినేలోగా

నైమేఖన్‌లో మా గది నేలకు ఒక మెట్ల వరస కింద.
వాల్ నది పొంగిన ఏడు గోడకు చెమ్మ ఎక్కింది,
ఆ మరకను బీరువాతో కప్పాం.
బల్ల మీద అట్టపెట్టె, పెట్టెకు ఒక పక్క కన్నం.
కన్నంలో చెయ్యి పెట్టి రాయాలి,
రాసింది మాత్రం ఎదురుగా తెర మీద చూసుకోవాలి.
మీట నా దగ్గర ఉంటుంది.
తిప్పానంటే, చెయ్యి ఇప్పుడు గీసిన గీత
కంటికి అర సెకను తర్వాత చేరుతుంది.

అర సెకనే.
తుమ్మినవాణ్ణి చిరంజీవ అనేపాటి వ్యవధి కూడా కాదు.
ఆ కాస్తలో ఏమవుతుందో పదకొండేళ్ళుగా చూస్తున్నాను.

నోటరీ దగ్గర దస్తావేజులు రాసే అలైడా,
నలభై ఏళ్ళ గుండ్రటి రాత,
'ఎం'కి మూడు కాళ్ళు చాలవని నాలుగోది పెట్టింది,
ఆ పైన ఐదోది.
తెర మీద ఇంకా రెండో కాలే కనిపిస్తోంది మరి!
గీసేశానని చెయ్యి చెబుతూనే ఉంది,
కన్ను నమ్మలేదు.
అక్షరాలు ఉబ్బాయి, పెన్ను కాగితంలో దిగబడింది.
"ఈ చెయ్యి ఎవరిది?" అంది పెట్టెలోంచి లాక్కుని,
వేళ్ళు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటూ.

కుర్రాళ్ళయితే నవ్వేస్తారు.
ఒక వంటవాడు కోపంతో కుర్చీ తన్నేశాడు.
అవేవీ మా లెక్కల్లోకి రావు.
మాకు కావలసింది గీత పొడవు, నొక్కుడు, ఆగిన చోట్లు.

ఫిబ్రవరిలో రైండర్ట్ వచ్చాడు.
నలభై మూడేళ్ళు సరుకు పడవ నడిపినవాడు,
కంకర, బొగ్గు, ఒక ఏడంతా బీట్‌దుంప.
కోటు విప్పమంటే విప్పలేదు.
మూడు వందల మిల్లీసెకన్లు పెట్టాను. రాశాడు.
ఐదు వందలు. రాశాడు.
ఏడు వందలు.
మేమిచ్చిన వాక్యాన్ని
రేవు రసీదు మీద బరువు వేసినట్టు వేసి
పెన్ను పక్కన పెట్టాడు.
ఒక్క కాలు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

పరికరం చెడిందనుకున్నాను.
తీగ పీకి మళ్ళీ గుచ్చాను.
పై అంతస్తు నుంచి హెడ్‌విగ్‌ని పిలిచాను.

అప్పుడాయనే అన్నాడు, మాకు నేర్పాలని కాదు, ఊరికే:
"నిండు బరువుతో ఉన్న పడవ
చుక్కాని మాట వెంటనే వినదమ్మా.
తిప్పాలి, తిప్పి ఊరుకోవాలి.
ముక్కు కదల్లేదే అని మళ్ళీ తిప్పామో,
రెండు తిప్పులూ కలిసి ఒక్కసారే వస్తాయి.
వెనకే వంతెన స్తంభం వస్తుంది.
మొదటి ఏడు నాకు వచ్చింది."
ఎడమ కనుబొమ్మ మీది మచ్చ చూపించాడు.

చివరి కాగితానికి వాక్యం మేం ఇవ్వం.
మీకు తోచిన మాట రాయండి అంటాం.
చాలాసేపు పెన్ను ముట్టలేదు.
తర్వాత విల్లెమైన్ అని మొదలుపెట్టాడు.

డబ్ల్యు తెర మీద తీరిగ్గా తేలింది.
ఎల్ ఒకటి, ఎల్ రెండు.
చెయ్యి ఆగింది, తడబడింది.
ఇంకో ఎల్.
'ఎం'కి నాలుగు కాళ్ళు.

"మీ ఆవిడా?" అంది హెడ్‌విగ్.
"పడవ.
ముక్కుకి రెండు పక్కలా ఆ పేరు
ఏటేటా చలి తగ్గాక నేనే రంగుతో దిద్దేవాణ్ణి.
నవంబరులో తుక్కు కింద అమ్మేశాను.
కోసే ముందు వచ్చి చూసుకోమన్నారు. వెళ్ళలేదు."
కోటు గుండీ ఒకటి తిప్పుతూ
"మిగతావన్నీ మీ తెర చూడకుండా రాశాను.
దీన్ని చూశాను" అన్నాడు.

పట్టికలో గడి చిన్నది.
అదనపు గీతలు: రెండు, అని నింపాను.
ఎందుకో రాసే గడి లేదు.

మీట సున్నాకి తెచ్చి, ఇంకోసారి రాస్తారా అన్నాను.
నియమం ప్రకారం అడగకూడదు.
కోటు చేతితో సహా పెట్టెలోకి చెయ్యి పోనిచ్చాడు.
పైన వీధిలో ఎవరో సైకిలు గొలుసు ఎక్కించుకుంటున్న చప్పుడు.
తెర తెల్లగా ఉంది.
గీత ఎప్పుడు మొదలవుతుందా అని ముగ్గురం చూస్తున్నాం,
ఈసారి ఆలస్యం మీటది కాదు.